‘ఏం చెయ్యదండీ’ అనకండి, లీష్ దగ్గరికి పట్టుకోండి

మీరు రాసింది మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు నెల్లూరు నుంచి ఉద్యోగం మీద బెంగళూరు వచ్చి మారతహళ్ళి దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు. ఏడాదిన్నర ల్యాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. పోయిన వారం లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే వాడు లోపలున్న ఒక పెద్దావిడ మీదికి ముందు కాళ్ళెత్తి ఎగిరాడు. దెబ్బలేం తగల్లేదు గానీ ఆవిడ హడలిపోయారు. ఆ రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే రగడ. కుక్కల్ని లిఫ్ట్‌లోకి తేకూడదని కొందరు, మూతికి బుట్ట కట్టాలని కొందరు, అసలు పెంచకూడదని ఇంకొందరు. మీరు అడిగినవి రెండు: చట్టం ఎవరి వైపు ఉంది, వాడిని బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఏయే పద్ధతులు పాటించాలి.

నేను బెంగళూరులో ఇళ్ళకు వెళ్ళి కుక్కలకు శిక్షణ ఇస్తుంటాను. నన్ను పిలిచేవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. సొంత ఊళ్ళో పెరట్లో కుక్కను పెంచిన అలవాటుతో వచ్చి, ఇక్కడ పన్నెండో అంతస్తులో పెంచడం మొదలుపెడతారు. పెరట్లో కుక్కకి ఏ మర్యాదా నేర్పక్కర్లేదు, గేటు వేస్తే సరిపోతుంది. ఇక్కడ దాన్ని ఒకటికి తీసుకెళ్ళాలన్నా పదిమంది మధ్యలోంచి వెళ్ళాలి. తేడా అంతా అక్కడే ఉంది.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘం కుక్కల పెంపకాన్ని నిషేధించకూడదు, మెజారిటీతో తీర్మానం చేసినా సరే. లిఫ్ట్ వాడొద్దని అనకూడదు. మజిల్, అంటే మూతికి బుట్ట, కట్టి తీరాలని పట్టుబట్టకూడదు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల్ని ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ వాటి అమ్మకం, పెంపకం మీద ఆంక్షలకు సర్క్యులర్ ఇస్తే, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇదంతా మీ వైపు. ఇంకోవైపు కూడా వినండి. ఆ మార్గదర్శకాలే బయట లీష్ (మెడపట్టీకి తగిలించి చేత్తో పట్టుకునే తాడు) వెయ్యమని, కుక్క చేసిన మురికి ఎత్తమని, టీకాలు వేయించమని యజమానులకి చెప్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. మన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి అపాయం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇప్పుడు నా సలహా. ఆ మార్గదర్శకాల పీడీఎఫ్‌ని మీ గ్రూపులో పెట్టకండి. పెట్టగానే వాదనలో మీరు గెలుస్తారు, రేపు ఉదయం లిఫ్ట్ దగ్గర మాత్రం అందరూ మీకు దూరమవుతారు. ఆ పెద్దావిడ అడుగుతున్నది చట్టం కాదు. తన ఇంటికి తాను భయం లేకుండా వెళ్ళాలని అడుగుతున్నారు. కుక్కను తెచ్చుకున్నది మీరు, ఆవిడ కాదు. దారిలో ఎదురయ్యే ఎవరూ బ్రూనోని కోరుకోలేదు. అందుకే ముందు జరగాల్సింది, ఆగాల్సింది, పక్కకి తప్పుకోవాల్సింది ఎప్పుడూ కుక్క పట్టుకున్నవాళ్ళే. మిగతా మర్యాదలన్నీ దీని నుంచే వస్తాయి.

మనం అందరం నోటికి అలవాటుగా అనే మాటొకటి ఉంది. ఎదుటివాళ్ళు భయంతో గోడకి అతుక్కుపోతుంటే ‘ఏం చెయ్యదండీ’ అంటాం. ఇక్కడ కన్నడంలో ‘ఏనూ మాడల్ల’ అంటారు. ఈ మాట మానెయ్యండి. వాడు ఏం చెయ్యడని మీకు తెలుసు, ఆవిడకి ఎలా తెలుస్తుంది? ఆవిడకి కనిపించేది ముప్ఫై కిలోల జంతువు, తెరిచిన నోరు, పళ్ళు. పైగా ఆ మాట అంటూ మనం చేతిలో లీష్ వదులుగానే పట్టుకుంటాం. మాట అనకుండా లీష్ దగ్గరికి లాక్కుని, కుక్కకీ ఆవిడకీ మధ్యలో మీరు నిలబడితే చాలు, ఆవిడ మొహం మారిపోతుంది.

పెద్దవాళ్ళ భయాన్ని తక్కువగా చూడకండి. మన ఊళ్ళలో పిచ్చికుక్క కరిచి మనిషి పోవడం చూసిన తరం వాళ్ళు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేసే పాత టీకా మన దేశంలో 2004 చివరిదాకా ఉండేది. ఆ సూదులు వేయించుకున్నవాళ్ళు, ఇంట్లో పిల్లలకి వేయిస్తూ చూసినవాళ్ళు మీ బ్లాకులోనే ఉంటారు. ‘ల్యాబ్ చాలా ఫ్రెండ్లీ’ అని చెప్తే పోయే భయం కాదది. కొందరికి భయం లేకపోయినా, పూజకో గుడికో మడిగా వెళ్తూ తగలకూడదనుకుంటారు. నమాజుకి వెళ్ళేవాళ్ళు కుక్క నోటి తడి బట్టలకి అంటకూడదనుకుంటారు. ఎందుకు, ఏమిటి అని అడగక్కర్లేదు. దూరం ఇస్తే సరిపోతుంది.

ఇంకో మాట. గ్రూపులో ఫిర్యాదు చేసేవాళ్ళు కనీసం నోరు తెరిచి చెప్పగలిగినవాళ్ళు. సెక్యూరిటీ గార్డు, ఇళ్ళలో పనిచేసే అక్కలు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, పార్సిల్ తెచ్చే డెలివరీ అబ్బాయి చెప్పలేరు. ఫ్లాట్ ఓనరు కుక్కని ‘దూరంగా పట్టుకోండి సార్’ అనే ధైర్యం వాళ్ళకి ఉండదు. నేను వెళ్ళే ఇళ్ళల్లో ఇది మళ్ళీ మళ్ళీ చూస్తాను: పనమ్మాయి బకెట్ పట్టుకుని వంటింటి తలుపు వెనక నిలబడి ఉంటుంది, ఇంటివాళ్ళేమో ‘దానికి అలవాటైపోయింది’ అంటారు. అలవాటు కాలేదు, గత్యంతరం లేదు. డెలివరీ అబ్బాయి బెల్ కొట్టినప్పుడు ముందుగా బ్రూనోని ఒక గదిలో పెట్టి తలుపు వేశాకే ఇంటి తలుపు తియ్యండి. వాళ్ళు టైముకి పరుగెత్తుతూ వస్తారు, పరుగెత్తే మనిషిని చూస్తే కుర్ర కుక్కకి వెంటపడాలనిపిస్తుంది. మీ గుమ్మం దగ్గర జరిగినా అది బయట జరిగినట్టే లెక్క.

ఇక లిఫ్ట్. మీ సమస్య మొదలైంది అక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

లిఫ్ట్ తలుపుకి ఎదురుగా నిలబడకండి. రెండు మూడడుగులు వెనక్కి, ఒక పక్కకి, గోడవైపు నిలబడండి. బ్రూనోని గోడకీ మీ కాలికీ మధ్య కూర్చోబెట్టండి. లీష్ లూప్ ఒక చేతి మణికట్టుకి వేసుకుని, రెండో చేత్తో లీష్‌ని వాడి మెడపట్టీకి దగ్గరగా పట్టుకోండి. తలుపు తెరుచుకున్నాక లోపలివాళ్ళందరూ బయటికి రానివ్వండి. లోపల ఇంకా ఎవరైనా ఉంటే అడుగు ముందుకెయ్యకుండా అడగండి: ‘కుక్క ఉందండీ, రావచ్చా?’ కన్నడవాళ్ళయితే ‘నాయి ఇదె, బరబహుదా?’ మీరు లోపల ఉండి ఎవరైనా ఎక్కబోతుంటే ‘కుక్క ఉందండీ, వస్తారా?’ అని, కన్నడంలో ‘బర్తీరా?’ అని అడగండి. వాళ్ళు ఒక్క క్షణం తటపటాయించినా సరే, దాన్ని వద్దు అనే తీసుకోండి. ‘మీరు వెళ్ళండి, నేను తర్వాత వస్తాను’ అనండి. పిల్లలు ఒంటరిగా ఉంటే అడగనే అడక్కండి, వదిలెయ్యండి. పిల్లలు మొహమాటానికి సరే అంటారు. సర్వీస్ లిఫ్ట్ ఉంటే, అందులోనే వెళ్ళమని ఎవరూ చెప్పకపోయినా, మీ అంతట మీరే రద్దీ వేళల్లో అందులో వెళ్ళండి. స్కూలు బస్సులు వచ్చే సమయం, ఆఫీసుకి బయల్దేరే సమయం మీకు ఈపాటికి తెలిసే ఉంటాయి, వీలైతే ఆ పావుగంట అటూ ఇటూ జరపండి.

లోపలికి వెళ్ళాక మూలలో, మళ్ళీ వాడు గోడవైపు, మీరు మనుషుల వైపు. వాడి మొహం మీ వైపు తిప్పి ఉంచండి. చేతిలో చిన్న చిన్న క్యారెట్ ముక్కలో ఉడికించిన చికెన్ ముక్కలో ఉంచుకుని, కూర్చుని ఉన్నంతసేపూ ఒక్కొక్కటీ ఇస్తూ ఉండండి. మొదట్లో అంతస్తుకో ముక్క పడుతుంది. కొన్ని వారాలకి దిగేటప్పుడు ఒక్కటి చాలు.

వాడు మనుషుల మీదికి ఎందుకు ఎగురుతాడంటే, ఇంట్లో ఎగరనిస్తున్నారు కాబట్టి. మీరు ఆఫీసు నుంచి రాగానే రెండు కాళ్ళు మీ ఛాతీ మీద పెడితే మీరు ముద్దుచేస్తారు. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు అందరూ నవ్వారు. వాడికి తెలిసిన పలకరింపు అదొక్కటే. కాబట్టి శిక్షణ లిఫ్ట్‌లో కాదు, మీ గుమ్మంలోనే మొదలవ్వాలి. ఎగిరితే పలకకండి, చూడకండి, వెనక్కి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టిన క్షణంలో వంగి పలకరించండి. మోకాలితో నెట్టడం, కాలివేళ్ళు తొక్కడం వంటివి కొందరు చెప్తారు, వద్దు. కుక్క వాటిని ఆట అనుకుంటుంది, లేదంటే మనుషులు దగ్గరికొస్తే నొప్పి అని నేర్చుకుంటుంది. రెండోదే ప్రమాదం. ఇంట్లో ఐదుగురుంటే ఐదుగురూ ఇదే చెయ్యాలి. ఒక్కరు ఎగరనిచ్చినా మిగతా నలుగురి కష్టం వృథా. ఇంట్లో కుదిరాక, మధ్యాహ్నం రెండు మూడింటికి లిఫ్ట్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక స్నేహితుడిని పిలిచి, అతన్ని లిఫ్ట్‌లోంచి దిగమని చెప్పి సాధన చేయించండి.

బయట లీష్ గురించి. నాలుగు నుంచి ఆరడుగుల మామూలు లీష్ చాలు. బటన్ నొక్కితే పదహారడుగుల దాకా సాగే లీష్‌లు మన రోడ్ల మీద వాడకండి. కుక్క ఫుట్‌పాత్ దాటి స్కూటర్ ముందుకి వెళ్ళాక గానీ మీకు బటన్ గుర్తురాదు, ఆ సన్నని తాడు ఎవరి కాళ్ళకో చుట్టుకుంటే కోసుకుపోతుంది. మెడ బిగిసే గొలుసు కూడా వద్దు. లాగే కుక్కకి ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ (ఒంటి చుట్టూ వేసే పట్టీలు) బాగా పనిచేస్తుంది. లీష్ లేకుండా తిప్పడం గురించి మాత్రం నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను. ‘పిలిస్తే వచ్చేస్తాడు’ అనేవాళ్ళు, బెదిరిపోయిన కుక్కని ఎప్పుడూ పిలిచి చూసి ఉండరు. వెనక టైరు పేలినా, ఎవరో టపాకాయ కాల్చినా, ఎంత శిక్షణ ఉన్న కుక్కయినా పారిపోతుంది. దీపావళి వారంలో చీకటి పడకముందే తిప్పేసి ఇంట్లోకి తెచ్చెయ్యండి, మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఉంచండి. పనివాళ్ళతోనో డాగ్ వాకర్‌తోనో పంపుతుంటే, లాగినా ఆపగలిగే మనిషేనా అని మీరు పక్కన నడిచి చూశాకే పంపండి.

ఎదురుగా మనిషి వస్తుంటే, వీలైతే రోడ్డు అవతలికి మారండి. వీలుకాకపోతే ఒక పక్కకి ఆగి, బ్రూనోని కూర్చోబెట్టి, వాళ్ళని వెళ్ళనివ్వండి. జాగింగ్ చేసేవాళ్ళు, సైకిల్ మీద పిల్లలు, చేతికర్రతో నడిచే పెద్దవాళ్ళు కనిపిస్తే తప్పకుండా ఆగాలి. పిల్లలు ‘అంకుల్, ముట్టుకోవచ్చా?’ అని పరుగెత్తుకొస్తే ముందు వాళ్ళ అమ్మనో నాన్ననో చూసి అడగండి. సరే అంటే వాడిని కూర్చోబెట్టి, తల మీద కాకుండా ఛాతీ మీదో భుజం మీదో నిమరమనండి, కాసేపు చాలు. వాడు మొహం పక్కకి తిప్పినా, పెదాలు నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూసినా, కదలకుండా బిగుసుకుపోయినా వాడికి ఇబ్బందిగా ఉందని అర్థం. పిల్లల్ని వెంటనే వెనక్కి పంపించెయ్యండి. గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం వాడు ముందుగా ఇచ్చే హెచ్చరిక. తిట్టి తిట్టి అది మాన్పిస్తే ఇంకోసారి హెచ్చరిక లేకుండానే కరుస్తాడు.

వేరే పెంపుడు కుక్కలు ఎదురైతే ‘హాయ్ చెప్పు’ అంటూ ముక్కూ ముక్కూ తగిలేలా తీసుకెళ్ళడం ఇక్కడ బాగా అలవాటు. లీష్ బిగుసుకుని, ఎదురెదురుగా, కళ్ళలో కళ్ళు పెట్టి కలవడం కుక్కల భాషలో గొడవకి పిలుపు. అవతలి యజమానిని అడగండి. సరే అంటే లీష్ వదులుగా ఉంచి, పక్కనుంచి, రెండు మూడు సెకన్లు వాసన చూడనిచ్చి పిలిచెయ్యండి. వద్దంటే చిన్నబుచ్చుకోకండి, వాళ్ళ కుక్కకి ఒంట్లో బాగాలేకపోవచ్చు, భయస్తురాలు కావచ్చు. ఎదకొచ్చిన ఆడకుక్కని ఆ రెండు మూడు వారాలు కుక్కలు కలిసే చోటికి తీసుకెళ్ళొద్దు. టీకాల కోర్సు పూర్తికాని కుక్కపిల్లల్ని, అంటే దాదాపు నాలుగు నెలల లోపు వాటిని, నలుగురి కుక్కలూ తిరిగే నేల మీద దించకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

వీధి కుక్కల విషయంలో చాలామంది రాయి తీస్తారు. రాయి తీసినవాళ్ళు వెళ్ళిపోతారు, రేపు అదే వీధిలో నడిచే పిల్లల మీద ఆ కుక్క కోపం తీర్చుకుంటుంది. ప్రతి వీధి గుంపుకీ తన హద్దు ఉంటుంది, అది ఎక్కడ మొదలవుతుందో రెండు మూడు రోజులు చూస్తే మీకే తెలుస్తుంది. ఆ దారి మానుకోండి. ఎదురైతే పరుగెత్తకండి, బ్రూనోని మీ వెనక్కి తెచ్చుకుని, వాటి కళ్ళలోకి చూడకుండా మెల్లగా వెనక్కి నడవండి. మీ వీధిలో వాటికి అన్నం పెట్టేవాళ్ళు ఎవరో తెలుసుకుని పరిచయం చేసుకోండి. బ్రూనోకి ఆ గుంపుతో నేస్తం కుదరడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

ఇప్పుడు అందరూ చిరాకుపడే విషయం, పాటీ. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

ఉదయం ఆరింటికి మీ అపార్ట్‌మెంట్ వెనక వీధిలో నడిచి చూడండి. పాత ఇళ్ళ ముందు ఆడవాళ్ళు వాకిలి కడిగి, నీళ్ళు చల్లి ముగ్గు వేస్తుంటారు. తడి ఆరకముందే టవర్లలోంచి కుక్కలు దిగుతాయి. ముగ్గు మీద కాలెత్తి ఒకటికి పోసి, గేటు పక్కన తులసి కుండీ వాసన చూసి, రెండడుగులు అవతల పాటీకి కూర్చుంటాయి. పట్టుకున్నవాళ్ళు ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఆ ఇంటావిడ మళ్ళీ చీపురు తెచ్చుకుంటుంది. ఆవిడకి కుక్కలంటే అసహ్యం పుడితే తప్పెవరిది?

‘మట్టిలో పడింది, ఎరువవుతుంది’ అనేవాళ్ళున్నారు. ఆవు పేడ వేరు, మాంసం తినే జంతువు మలం వేరు. అందులో కొంకిపురుగుల గుడ్లు, ఏలికపాముల గుడ్లు ఉంటాయి. కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి చెప్పుల్లేని కాళ్ళ చర్మంలోకి దూరి దురద గీతలు తెస్తాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఆడుకునే పిల్లల చేతుల ద్వారా కడుపులోకి వెళ్తాయి, వాటిలోంచి వచ్చే పురుగు పిల్లలు కొన్నిసార్లు కంటిదాకా పోతాయి. వాన పడితే ఇదంతా కాలువల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి పోతుంది. అంతకంటే ముందు, ఉదయం రోడ్డు ఊడ్చే పౌరకార్మికుల చేతికి అంటుతుంది. మీ కుక్క చేసింది ఇంకొకరి చేత ఎత్తించడం ఎంతమాత్రం సరైన పని కాదు.

కాబట్టి రెండు సంచులు జేబులో లేకుండా గుమ్మం దాటొద్దు, ఎందుకంటే వాడు రెండోసారి కూర్చోడని ఎవరూ చెప్పలేరు. సంచీ చేతికి తొడిగి, ఎత్తి, లోపలి వైపు బయటికి తిప్పి ముడి వెయ్యండి. పాత న్యూస్‌పేపర్‌తో ఎత్తినా మంచిదే. అది తడిచెత్తలో వెయ్యకూడదు, డయపర్లూ ప్యాడ్లూ వేసే ఎర్ర బుట్టలోకి, న్యూస్‌పేపర్‌లో చుట్టి వెయ్యాలి. ముడి వేసిన సంచీని చెట్టు మొదట్లోనో పక్క ఖాళీ సైటులోకో విసిరేసి పోవడం ఎత్తకపోవడం కన్నా అన్యాయం, ప్లాస్టిక్ కూడా కలిసింది కదా. విరేచనాలైనప్పుడు ఎత్తడం కుదరదు, అందుకే ఒక సీసా నీళ్ళు కూడా ఉండాలి. ఒకటికి విషయంలో, గేటు దగ్గర, దుకాణం మెట్ల దగ్గర, పార్కింగ్‌లో బండి టైర్ల దగ్గర, పూలమ్మే అమ్మ గంప దగ్గర ఆగనివ్వకండి. లీష్ దగ్గరగా పట్టుకుని గబగబా నడిచి, రోడ్డు పక్క చెట్టు దగ్గరో కాలువ అంచునో వదులు చెయ్యండి. రోజూ అక్కడే ఆగితే వాడికి అదే అలవాటవుతుంది. మూణ్ణెల్లకోసారి నులిపురుగుల మందు, పిడుదుల మందు, ఏడాదికోసారి రేబిస్ టీకా మీ డాక్టరు చెప్పే లెక్క ప్రకారం వేయించడం కూడా ఈ మర్యాదలో భాగమే. మీ లిఫ్ట్‌లో పిడుదు రాలితే అది ఇంకో ఇంటి కుక్క మీదికి చేరుతుంది.

ఎక్కడికి తీసుకెళ్ళాలని కూడా అడిగారు. లాల్‌బాగ్‌లోకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. చాలా కాలనీ పార్కులు, చెరువు గట్ల దగ్గర గేటు మీదే బోర్డు ఉంటుంది. సెక్యూరిటీతో వాదించకండి, ఆ బోర్డు రాసింది అతను కాదు. చెరువుల దగ్గర గూళ్ళు పెట్టుకున్న నీటిపక్షుల్ని కుక్కలు చెదరగొడతాయి, ఆ బోర్డుకి కారణం ఉంది. కబ్బన్ పార్కులో లీష్‌తో తిప్పొచ్చు, కుక్కల కోసం కంచె వేసిన పార్కు కూడా అక్కడ ఉంది. 2022లో కబ్బన్ పార్కులోకే కుక్కల్ని రానివ్వకూడదని ప్రతిపాదన వచ్చింది. కారణాలుగా చెప్పినవి లీష్ లేకుండా వదలడం, పాటీ ఎత్తకపోవడం. యజమానులు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ఆ నిషేధం అమలు కాలేదు. కొద్దిమంది బాధ్యత లేకుండా ఉంటే ఊరంతటి కుక్కలకీ దారి మూసుకుపోయేది, కొంచెంలో తప్పింది. మీ అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఇదే, కాస్త చిన్న స్థాయిలో.

మజిల్ గురించి భయపడకండి. చట్టప్రకారం మీ మీద రుద్దలేరు, కానీ మీ అంతట మీరు అలవాటు చేసుకుంటే నష్టం లేదు. మూతిని బిగించి కట్టే గుడ్డది వద్దు, దానితో కుక్క నాలుక చాపి వగర్చలేదు, వేడెక్కిపోతుంది. గిన్నెలాగా ఉండే బుట్ట రకం కొనండి, అందులో నీళ్ళు కూడా తాగొచ్చు. లోపల వెన్న రాసి, వాడే మూతి పెట్టేలా రోజూ కాసేపు చెయ్యండి. వెటర్నరీ ఆసుపత్రిలోనో రద్దీ లిఫ్ట్‌లోనో పనికొస్తుంది.

ఆటో, క్యాబ్ అయితే ఎక్కేముందే చెప్పి, పాత దుప్పటి పరిచి, బొచ్చు దులిపి దిగండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి. పండక్కి నెల్లూరుకి రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం బుక్ చేసుకోవాలి, లేకపోతే గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్. కుక్కల్ని రానిచ్చే కేఫ్‌లో వాడికి సొంత చాప, సొంత గిన్నె తీసుకెళ్ళండి, వాళ్ళ ప్లేటులో పెట్టకండి. మార్చి నుంచి మే దాకా పగటిపూట తారురోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఆనించలేకపోతే వాడి పాదాలు కూడా కాలతాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడైనా పన్ను తగలొచ్చు, గోరు గీరుకోవచ్చు. అప్పుడు ‘చిన్న గీతే కదా’ అనకండి. వాళ్ళని దగ్గరి కుళాయికి తీసుకెళ్ళి సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగించండి. పసుపు, కారం, సున్నం ఏవీ పూయనివ్వకండి. అదే రోజు ఆసుపత్రికి మీరే తీసుకెళ్ళండి, ఖర్చు మీరే పెట్టుకోండి. బ్రూనో టీకా సర్టిఫికెట్ ఫోటో డాక్టరుకి చూపించండి, కానీ దాన్ని చూపించి ‘ఇంజెక్షన్ అక్కర్లేదు’ అని మీరు చెప్పొద్దు, అది డాక్టరు నిర్ణయం. కరిచిన కుక్కని పదిరోజులు ఇంట్లో కనిపెట్టి ఉంచాలి. ఆ పదిరోజులూ వాడు మామూలుగా తిని తిరుగుతున్నాడని వాళ్ళకి మీరే కబురు పెడుతూ ఉండండి. వాళ్ళ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక ఇవాళ చెయ్యాల్సింది. గ్రూపులో వాదన ఆపెయ్యండి. ఒక్క మెసేజ్ పెట్టండి: జరిగినదానికి క్షమించమని, సర్వీస్ లిఫ్ట్ ఉంటే ఇకనుంచి రద్దీ వేళల్లో వాడిని అందులోనే తెస్తానని, లిఫ్ట్ దగ్గర ఎవరున్నా ఆగుతానని, టీకా సర్టిఫికెట్ ఇదిగో అని. మీ బ్లాకులో ఇంకా కుక్కలున్న ఇళ్ళవాళ్ళని కలిసి, అందరూ ఒకే పద్ధతి పాటించేలా మాట్లాడుకోండి, మీరొక్కరే పాటిస్తే పేరు మాత్రం అందరిదీ కలిసే పోతుంది. అసోసియేషన్‌ని అడిగి పాటీ సంచుల కోసం మూత ఉన్న ఎర్ర బుట్ట ఒకటి వెనక గేటు దగ్గర పెట్టించండి, దాని ఖర్చు కుక్కలున్నవాళ్ళు పంచుకోండి.

ఆ పెద్దావిడ ఇంటికి సాయంత్రం మీరూ మీ ఆవిడా వెళ్ళండి, బ్రూనో లేకుండా. బయల్దేరేముందు బట్టలకి బొచ్చు లేకుండా చూసుకోండి. ‘అమ్మా, మా వాడి వల్ల భయపడ్డారు, తప్పు మాదే’ అని చెప్పి, ఆవిడ ఏ వేళల్లో కిందికి దిగుతారో అడిగి రాసుకోండి. ఆ వేళల్లో వాడిని దింపకండి. వాడిని మచ్చిక చేసుకోమని, ఒకసారి ముట్టుకుని చూడమని మాత్రం అడక్కండి. ఆవిడకి ఇష్టమైతే ఆవిడే అడుగుతారు, లేకపోయినా ఫర్వాలేదు. నెల తర్వాత లిఫ్ట్ సాధన ఎంతవరకు వచ్చిందో ఇక్కడే రాయండి. వాడు ఎక్కడ ఆగిపోయాడో చెప్తే, అక్కణ్ణుంచి ఏం చెయ్యాలో చెప్తాను.